గతించినవారి సంతకం

తాత చేసిన అప్పు మనవడు తీర్చాలా అని అడిగితే మన పల్లెల్లో ఎవరైనా ఒకటే సమాధానం చెబుతారు. తాత ఆస్తి అనుభవిస్తున్నవాడు తాత అప్పు కూడా తీర్చవలసిందే. ఈ సమాధానంలో న్యాయం ఉంది. కాని తాత ఆస్తిలో ఆ మనిషి కూడా ఒక భాగమైతే? పొలమూ పుట్రా, గొడ్డూ గోదాతోపాటు ఆస్తి జాబితాలో అతని పేరు కూడా రాసి ఉంటే? అటువంటివాణ్ణి పట్టుకొని, "ఇది పెద్దలు చేసిన కట్టుబాటు, నువ్వు దీనికి లోబడి ఉండాలి" అని చెప్పడానికి నైతికంగా ఎవరికి హక్కు ఉంటుంది?

ఇది కేవలం ఊహించి వేసిన ప్రశ్న కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజ్యాంగం ఈ ప్రశ్నతోనే పుట్టింది. ఆ రాజ్యాంగానికి ఇంతవరకు వచ్చిన 27 సవరణలలో ముఖ్యమైనవి చాలావరకు ఈ ప్రశ్నకు ఏదో ఒక మేరకు సమాధానం చెప్పుకోవలసివచ్చి వచ్చినవే. అంచేత దాని పుట్టుకను, సవరణలను పరిశీలించడం మనకు అమెరికా చరిత్ర కోసం మాత్రమే అవసరం కాదు.

రాజ్యాంగాలను గురించి మనలో రెండు ధోరణులు ఉన్నాయి. ఒకటి పూజాధోరణి. మహానుభావులు కొందరు ఒకచోట కూర్చుని, భావితరాల మేలు కోరి, దూరదృష్టితో ఒక గ్రంథం రాసిపెట్టారనీ, దానిని భక్తితో కాపాడుకోవడమే పౌరుల ధర్మమనీ ఈ ధోరణిలోనివారు అంటారు. రెండవది తిరస్కారధోరణి. రాజ్యాంగం పాలకవర్గం తనకోసం రాసుకున్న కాగితమనీ, సవరణలు చిరిగినచోటల్లా ఆ వర్గం వేసుకున్న మాసికలనీ, శ్రామికజనానికి వాటితో పని లేదనీ వీరు అంటారు. రెండవ ధోరణి మనకు సహజంగానే దగ్గరిది. అందులో నిజం కూడా చాలా ఉంది. ఐతే ఈ రెండు ధోరణులకూ ఒక పొరపాటు ఉమ్మడిగా ఉంది. రాసినవాడి ఉద్దేశంతోనే రాజ్యాంగం అర్థం పూర్తిగా తేలిపోయిందని ఇద్దరూ నమ్ముతారు. ఒకరు ఆ ఉద్దేశానికి దండం పెడతారు, ఒకరు దాన్ని తిడతారు. అంతే తేడా.

ముందు పుట్టుకను చూద్దాం. 1787 మే 25 నుంచి సెప్టెంబరు 17 వరకు ఫిలడెల్ఫియాలో సమావేశం జరిగింది. 55 మంది పాల్గొన్నారు. చివరికి 39 మంది సంతకాలు చేశారు. రోడ్ ఐలండు రాష్ట్రం ప్రతినిధులనే పంపలేదు. చర్చలు మూసిన తలుపుల వెనక జరిగాయి. ఆ చర్చలను శ్రద్ధగా రాసిపెట్టిన మాడిసన్ నోట్సు 1840 దాకా అచ్చు కాలేదు. తోటల యజమానులు, వర్తకులు, న్యాయవాదులు, ప్రభుత్వ రుణపత్రాలు చేతిలో ఉన్నవారు అక్కడ ఉన్నారు. కూలివాడు లేడు. స్త్రీ లేదు. బానిస లేడు.

ఆ సమావేశానికి ముందటి సంవత్సరం మసాచుసెట్సు పడమటి ప్రాంతంలో రైతులు తిరగబడ్డారు. వారిలో చాలామంది స్వాతంత్ర్య యుద్ధంలో తుపాకి పట్టినవారు. ఇళ్ళకు తిరిగి వచ్చేసరికి అప్పులూ పన్నులూ నెత్తిన పడ్డాయి. కట్టలేనివారి భూములను కోర్టులు జప్తు చేశాయి, మనుషులను ఖైదులో పెట్టాయి. 1786లో రైతులు గుంపులుగా వెళ్ళి కోర్టులు నడవకుండా ఆపారు. వారి నాయకులలో ఒకడైన డేనియల్ షేస్ ఆ యుద్ధంలో కెప్టెనుగా పనిచేసినవాడే. 1787 జనవరిలో స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధాగారం దగ్గర వారిని ఫిరంగులతో చెదరగొట్టారు. ఈ భయం ఫిలడెల్ఫియాలో కూర్చున్నవారి మనసుల్లో తాజాగా ఉంది. రాష్ట్రాలు కాగితపు డబ్బు అచ్చువేయరాదనీ, కాంట్రాక్టుల బాధ్యతను సడలించే చట్టాలు చేయరాదనీ రాజ్యాంగంలో రాశారు. అనగా అప్పులవాడికి స్థానిక శాసనసభ ద్వారా ఊరట దొరికే దారులు మూసేశారు. తిరుగుబాట్లను అణచడానికి సైన్యాన్ని పిలిచే అధికారం కేంద్రానికి ఇచ్చారు.

1913లో చార్లెస్ బియర్డు ఈ రాజ్యాంగానికి ఆర్థిక వ్యాఖ్యానం రాసినప్పుడు పెద్ద దుమారం లేచింది. ఎవరి దగ్గర ఎన్ని రుణపత్రాలు ఉన్నాయో, వారు ఎటు మొగ్గారో అతడు లెక్క కట్టాడు. 1950ల తర్వాత కొందరు చరిత్రకారులు ఆ లెక్కలను తిరిగి పరిశీలించి, ప్రతినిధుల ఆస్తికీ ఓటుకూ అంత సూటి సంబంధం లేదని చూపారు. ఈ విమర్శలో బలం ఉంది, దానిని మనం దాచుకోనక్కరలేదు. కాని ఒక్కొక్కరి జేబు లెక్క తప్పినంత మాత్రాన వర్గదృష్టి తప్పిపోదు. ఏ ఆస్తికి రక్షణ కల్పించారో రాజ్యాంగంలోని నిబంధనలే చెబుతున్నాయి.

అన్నిటికంటె స్పష్టంగా చెప్పేవి బానిసత్వపు నిబంధనలు. 1790 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో సుమారు 39 లక్షల జనం ఉండగా, వారిలో దాదాపు 7 లక్షలమంది బానిసలు. ప్రతినిధుల సభలో స్థానాలు పంచేటప్పుడు ప్రతి అయిదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించాలన్నారు. బానిసకు ఓటు లేదు, కాని వాడి తలను లెక్కపెట్టి యజమానుల రాష్ట్రానికి బలం పెంచారు. 1808కి ముందు బానిసల దిగుమతిని కాంగ్రెసు నిషేధించరాదన్నారు. పారిపోయిన బానిసను పట్టి యజమానికి అప్పగించాలన్నారు. ఇన్ని రాసీ "బానిస" అన్న మాటను మాత్రం రాజ్యాంగంలో ఎక్కడా వాడలేదు. ఆ మాట వాడడానికి సిగ్గు అడ్డం వచ్చింది. ఆ పని చేయడానికి రాలేదు.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. అంతకు ముందు ఆ రాష్ట్రాలను కలిపి ఉంచిన సమాఖ్య ఒడంబడికను మార్చాలంటే 13 రాష్ట్రాల శాసనసభలూ ఒప్పుకోవాలి. ఫిలడెల్ఫియాలో చేరినవారిని ఆ ఒడంబడికను సవరించడానికి మాత్రమే పంపారు. వారు దానిని పక్కన పడవేసి కొత్తది రాశారు. 9 రాష్ట్రాల సభలు ఒప్పుకుంటే చాలు, ఒప్పుకున్న రాష్ట్రాల మధ్య అమలులోకి వస్తుందన్నారు. రోడ్ ఐలండు 1790 మే దాకా ఒప్పుకోలేదు. అప్పటికి కొత్త ప్రభుత్వం ఏర్పడి ఏడాది దాటింది. పాత నిబంధన ప్రకారం చూస్తే ఇది అక్రమం. నిర్మాతలుగా పూజలందుకుంటున్నవారు తమ ముందటి కట్టుబాటును తామే గౌరవించలేదు. అవసరం వచ్చినప్పుడు వారు చేసిన పనిని తర్వాతి తరాలు చేయరాదనడానికి ఏ తర్కమూ లేదు.

ఈ ప్రశ్నను సూటిగా అడిగినవాడు జెఫర్సన్. 1789 సెప్టెంబరులో పారిస్ నుంచి మాడిసన్‌కు రాసిన ఉత్తరంలో, భూమి బతికి ఉన్నవారి అనుభవానికే చెందుతుందనీ, ఒక తరం మరొక తరాన్ని బంధించలేదనీ వాదించాడు. మరణాల లెక్కలు వేసి, ఏ రాజ్యాంగమైనా, ఏ చట్టమైనా 19 సంవత్సరాలకు తనంతట తాను కాలం చెల్లిపోవాలన్నాడు. మాడిసన్ 1790 ఫిబ్రవరిలో సమాధానం రాశాడు. గతించినవారు చేసిన మంచి పనుల ఫలితం తర్వాతివారు అనుభవిస్తున్నారు గనక దానితోపాటు కొంత బాధ్యత కూడా సంక్రమిస్తుందన్నాడు. 19 ఏళ్ళకొకసారి అంతా తిరగదోడితే కట్టుబాటు మీద ఎవరికీ నమ్మకం మిగలదన్నాడు. వ్యతిరేకత తెలపకుండా ఒక చట్టం కింద బతుకుతున్నవారు దానికి మౌనంగా సమ్మతించినట్టేనన్నాడు.

మాడిసన్ వాదంలో మొదటి మాట కాదనలేనిది. తాతలు తవ్విన చెరువు నీళ్ళతో పొలం తడుపుకుంటున్నవాడు ఆ చెరువుకు ఏటా పూడిక తీయవలసిందే. కాని ఆ చెరువును తవ్వినవారెవరు, నీళ్ళు వాడుకుంటున్నవారెవరు అన్న ప్రశ్న మాడిసన్ వేసుకోలేదు. మట్టి మోసినవారి పిల్లలను గట్టు ఎక్కనివ్వకుండా, మీ తాతలు కూడా ఈ చెరువుకు పనిచేశారు గనక మీరు రుణపడి ఉన్నారంటే అది పరిహాసం. మౌనం సమ్మతి అన్నమాట కూడా అటువంటిదే. నోరు తెరిస్తే కొరడాదెబ్బ పడేచోట మౌనానికి అర్థం భయం.

జెఫర్సన్ వాదం వినడానికి ఎంతో విప్లవకరంగా ఉంది. ఐతే అతడు తన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. ఒక తరం మరొక తరాన్ని బంధించరాదన్న మనిషి ఇంట్లో, తల్లి బానిస గనక బిడ్డా బానిసే అన్న చట్టం తరం తర్వాత తరాన్ని బంధిస్తూనే ఉంది. అతనిది కపటమని తేల్చేస్తే సరిపోదు. అతడు తరాల మధ్య న్యాయాన్ని చూశాడు, వర్గాల మధ్య న్యాయాన్ని చూడలేకపోయాడు. "బతికి ఉన్నవారు" అన్నప్పుడు అతని మనసులో మెదిలినవారు బతికి ఉన్నవారందరూ కారు. నిజమైన సమస్య చచ్చినవారు బతికినవారిని బంధించడం ఒక్కటే ఐతే 19 ఏళ్ళ గడువు చాలును. బతికి ఉన్నవారిలోనే కొందరు చచ్చినవారి సంతకాన్ని అడ్డం పెట్టుకొని తక్కినవారిని బంధించడం అసలు సమస్య.

ఆ సంతకాన్ని ఏంచేయాలన్న విషయంలో బానిసత్వ నిర్మూలనవాదుల మధ్యనే గొప్ప వాగ్వాదం జరిగింది. గారిసన్ ఈ రాజ్యాంగం బానిసల యజమానులతో చేసుకున్న పాపపు ఒప్పందమన్నాడు. 1854 జూలై 4న మసాచుసెట్సులోని ఫ్రేమింగ్‌హామ్‌లో సభలో అందరూ చూస్తుండగా దాని ప్రతిని తగలబెట్టాడు. బానిస రాష్ట్రాలతో కలిసి ఉండడమే పాపమనీ, విడిపోవాలనీ అతని వాదం. బానిసత్వం నుంచి 1838లో తప్పించుకు వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ మొదట గారిసన్ అనుచరుడు. 1851 నాటికి అతడు అభిప్రాయం మార్చుకున్నాడు. రాజ్యాంగంలో బానిస అన్న మాటే లేదు, ప్రజల పేరుతో న్యాయమూ స్వేచ్ఛా ఉన్నాయి. ఆ మాటలను మాటలుగానే తీసుకొని బానిసత్వానికి వ్యతిరేకంగా వాడుకోవాలన్నాడు. ఉత్తరాది విడిపోయి చేతులు కడుక్కుంటే బానిస తన యజమాని చేతిలోనే మిగిలిపోతాడన్నాడు.

ఈ ఇద్దరిలో ఎవరిది సరైన మాట? చరిత్రగా చూస్తే గారిసన్‌దే. రాసినవారి ఉద్దేశం అతడు చెప్పినట్టే ఉంది. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి టానీ నల్లజాతివారు ఈ దేశపు పౌరులు కాజాలరని తీర్పు చెప్పినప్పుడు, అతడు కూడా గారిసన్ చదివినట్టే రాజ్యాంగాన్ని చదివాడు. పూజారీ తిరస్కారవాదీ ఒకే అర్థానికి చేరుకున్నారు. కాని ఆచరణలో డగ్లస్‌ది సరైన మార్గం. శత్రువు చేతిలోని ఆయుధం మీద శత్రువు పేరు చెక్కి ఉందని దానిని అతనికే వదిలేయడం ధర్మాగ్రహం అనిపించుకోవచ్చుగాని పోరాటం అనిపించుకోదు. గట్టు మీద నిలబడి చెరువు గండికొట్టాలని ఒకడు అన్నాడు. నీటిలో నా వంతు నాకు కావాలని మట్టి మోసినవాడు అన్నాడు.

ఐతే డగ్లస్ వ్యాఖ్యానంతో సంకెళ్ళు తెగలేదు. 1861 మార్చి నాటికి అమెరికా కాంగ్రెసు ఒక సవరణను ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. రాష్ట్రాలలోని బానిసత్వం జోలికి వచ్చే సవరణ ఇక ఎన్నటికీ చేయరాదని దాని సారాంశం. లింకన్ తన ప్రారంభోపన్యాసంలో దానికి అభ్యంతరం లేదన్నాడు. యుద్ధం రాకుండా ఉంటే పదమూడవ సవరణ బానిసత్వాన్ని శాశ్వతం చేసే సవరణ అయి ఉండేదేమో! యుద్ధం వచ్చింది. 6 లక్షలమందికి పైగా చనిపోయారు. బానిసలు తోటలను వదిలి ఉత్తరాది సైన్యాల వైపు నడిచారు. దానిని డుబోయ్ 1935లో తన గ్రంథంలో సార్వత్రిక సమ్మెగా వర్ణించాడు. సుమారు 1,80,000 మంది నల్లవారు ఆ సైన్యంలో పోరాడారు. 1865 డిసెంబరులో అమలులోకి వచ్చిన పదమూడవ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. నాలుగేళ్ళలో అదే సంఖ్య గల సవరణకు అర్థం తలకిందులైంది. దీనిని నిర్మాతల దూరదృష్టి ఖాతాలో వేయడం ఏం న్యాయం?

సవరణ రాగానే కథ ముగిసిందనుకుంటే మరొక భ్రమలో పడతాం. పదమూడవ సవరణలోనే నేరానికి శిక్షగా తప్ప అన్న మినహాయింపు ఉంది. దక్షిణాది రాష్ట్రాలు ఆ సందులోంచి నల్లవారిని చిన్నచిన్న నేరాలకు పట్టి, ఖైదీలుగా గనులకూ తోటలకూ కౌలుకిచ్చాయి. 1868 నాటి పద్నాలుగవ సవరణ ప్రతి వ్యక్తికీ చట్టం ముందు సమాన రక్షణ వాగ్దానం చేసింది. 1896లో అదే సవరణ కింద, నల్లవారికి వేరే రైలుపెట్టె కేటాయించడం సమానత్వానికి భంగం కాదని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. విముక్తులైన బానిసలకు రక్షణగా వచ్చిన ఆ సవరణనే ఆధారం చేసుకొని, 1905లో రొట్టెల కార్ఖానా పనివారికి రోజుకు 10 గంటల పరిమితి విధించిన న్యూయార్క్ చట్టాన్ని కొట్టివేసింది. ఎక్కువ గంటలు పనిచేసే "స్వేచ్ఛ" పనివాడికి ఉండాలట! తిరిగి 1954లో అవే మాటల ఆధారంగా, బడుల్లో జాతులను వేరుచేయడం చెల్లదన్నది. ఈ మధ్యలో ఆ సవరణలో అక్షరం మారలేదు. బయట బలాబలాలు మారాయి.

పదిహేనవ సవరణ 1870లో జాతిని బట్టి ఓటు నిరాకరించరాదన్నది. 1890లో మిసిసిపీ తన రాష్ట్ర రాజ్యాంగంలో ఓటుకు పన్ను, అక్షరాస్యతా పరీక్ష పెట్టింది. జాతి అన్న మాట అందులో లేదు. ఫిలడెల్ఫియాలో నేర్చిన విద్యే ఇది. సెల్మాలో జనం దెబ్బలు తిన్న తర్వాత, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చేదాకా ఆ సవరణ దక్షిణాదిలో చాలామేరకు కాగితం మీదనే ఉంది. 2013లో సుప్రీంకోర్టు ఆ చట్టపు ముఖ్యమైన కోర ఒకటి పీకివేసింది. కాపలా లేని హక్కు ఎంతకాలం నిలుస్తుందో ఇదే నిదర్శనం.

స్త్రీల విషయం ఇంకా చెప్పుకోదగినది. పద్నాలుగవ సవరణ సమానత్వాన్ని చాటుతూనే, మొదటిసారిగా "పురుషుడు" అన్న మాటను రాజ్యాంగంలోకి తెచ్చింది. 1872 ఎన్నికలలో సూసన్ ఆంథొనీ ఓటు వేసినందుకు 100 డాలర్ల జరిమానా విధించారు. ఆమె కట్టనన్నది, కట్టలేదు. స్త్రీల ఓటుహక్కును గుర్తించిన పందొమ్మిదవ సవరణ 1920లో వచ్చింది. అప్పటికి ఆమె చనిపోయి 14 ఏళ్ళు. సంపన్నులపై విధించిన ఆదాయపు పన్నును 1895లో కోర్టు కొట్టివేస్తే, దానిని తిరిగి సాధించడానికి 1913 నాటి పదహారవ సవరణ కావలసివచ్చింది. వియత్నాం యుద్ధానికి 18 ఏళ్ళవాణ్ణి పంపవచ్చుగాని అతనికి ఓటు ఎందుకు లేదని విద్యార్థులు నిలదీశాక, 1971లో ఇరవయ్యారవ సవరణ కొద్ది నెలల్లోనే ఆమోదం పొందింది.

ఈ దేశంలో సవరణ మార్గం చాలా ఇరుకు. ఉభయసభల్లో మూడింట రెండువంతులు, ఆపైన నాలుగింట మూడువంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఇప్పుడున్న 50 రాష్ట్రాలలో 13 కాదంటే చాలు, ఆగిపోతుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అతి చిన్న 13 రాష్ట్రాల ప్రజలంతా కలిసి దేశ జనాభాలో ఇరవయ్యో వంతు కూడా లేరు. సుమారు 3 కోట్ల 95 లక్షల జనం గల కాలిఫోర్నియాకూ, 6 లక్షలైనా లేని వయోమింగుకూ సెనేటులో రెండేసి స్థానాలే. తన సమ్మతి లేకుండా ఏ రాష్ట్రానికీ ఈ సమానత్వం తగ్గించరాదని సవరణల నిబంధనలోనే రాసిపెట్టారు. సమాఖ్యలో చిన్న రాష్ట్రాలకు రక్షణ ఉండాలన్నది న్యాయమే. కాని రాష్ట్రాల సమానత్వం మనుషుల సమానత్వాన్ని మింగివేసేంతగా పెరిగితే, అది ఏ రాష్ట్రాన్ని కాపాడుతున్నదని కాక ఏ ఆస్తిని, ఏ అధికారాన్ని కాపాడుతున్నదని అడగాలి.

ఐతే మార్గం సులభం చేస్తే సమస్య తీరుతుందా? దీనికి మన అనుభవమే సమాధానం చెబుతుంది. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ సరిగ్గా జెఫర్సన్ వాదాన్నే ఉదహరించి అది పూర్తిగా సత్యమన్నారు. అందుకే సవరణ పద్ధతిని సులభంగా ఉంచామన్నారు. 1951లో వచ్చిన మొదటి సవరణ జమీందారీ రద్దు చట్టాలకు కోర్టుల నుంచి రక్షణ ఇచ్చింది. అదే సవరణ వాక్స్వాతంత్ర్యంపై ఆంక్షలను కూడా విస్తరించింది. మద్రాసు ప్రభుత్వం వామపక్ష వారపత్రిక "క్రాస్ రోడ్స్"పై పెట్టిన నిషేధం చెల్లదని 1950లో సుప్రీంకోర్టు చెప్పడం అందుకు ఒక కారణం. ఒక చేత్తో దున్నేవాడికి, ఒక చేత్తో నోరు మూసేవాడికి! 1976లో, అత్యవసర పరిస్థితిలో ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉండగా, నలభై రెండవ సవరణ వచ్చింది. తలుపు సులభంగా తెరుచుకుంటే జనం రావచ్చు, దొంగా రావచ్చు.

అంచేత కష్టమా సులభమా అన్నది కొలబద్ద కాదు. ప్రతి సవరణనూ ఒక ప్రశ్న అడగాలి. దీనివల్ల ఇంతవరకు లెక్కలో లేనివారెవరు లెక్కలోకి వచ్చారు? మాట్లాడుతున్నవారిలో ఎవరి నోరు మూతపడింది? ఇదే ప్రశ్న మొదటి రాతనూ అడగాలి. రాజ్యాంగానికి మనను శాసించే నైతికాధికారం పుట్టుకతో రాదు. అందులో చోటు లేనివారు చోటు సంపాదించుకున్న మేరకు, ఇంకా చోటు లేనివారికి దారి మిగిలి ఉన్న మేరకు, అంతమేరకే అది మన విధేయతకు అర్హమవుతుంది. ఆ దారి మూసివేసిననాడు అది తిరిగి గతించినవారి కాగితమే.

రాజ్యాంగం పాలకవర్గాల కాగితమనే మిత్రులు పదమూడవ సవరణను గుర్తు చేసుకోవాలి. దానిని పాలకులు దయతో ఇవ్వలేదు. తోటలు వదిలి నడిచినవారు రాయించారు. అది వారి కష్టార్జితం. దానిని మాసిక అని తీసిపారేస్తే వారి కష్టాన్ని యజమాని ఖాతాలో జమవేసినట్టవుతుంది. రాజ్యాంగాన్ని పూజించే మిత్రులు పదిహేనవ సవరణను గుర్తు చేసుకోవాలి. 95 ఏళ్ళు అది అక్షరంగా ఉండి కూడా ఓటుగా మారలేకపోయింది.

చెరువు తవ్వినవారి మనవలు నీటి వంతు సాధించుకున్నారు. వంతు వచ్చింది కదా అని ఇంటికి పోయి పడుకుంటే, తూము తాళం తిరిగి ఎవరి చేతికి పోతుందో చరిత్ర ఒకసారి కాదు, పదిసార్లు చూపింది. గతించినవారి సంతకం చెరపవలసిన అవసరం లేదు. దాని కింద మన సంతకం కూడా ఉండాలి, ఆ సంతకానికి మనమే కాపలా ఉండాలి.